కాక్‌పిట్‌లో వెలుగునీడలు



మిగ్-21 యుద్ధవిమానం మోడల్ కాక్‌పిట్‌కు రంగులు వేయబోతున్నావు. బ్రష్ ముంచే ముందు చిన్న లెక్క వేసుకో నాన్నా. అసలులో 72వ వంతు ఉండే 1/72 మోడల్‌ను కంటికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, అసలు విమానాన్ని 21.6 మీటర్ల అవతల నిలబడి చూస్తున్నట్టే. అంత దూరం నుంచి ప్యానెల్‌లోని ఏ డయల్ మీటరు మీదా అంకె కనబడదు. నీలిపచ్చ గోడల మధ్య నల్లటి ప్యానెల్, సీటు అంచున వెలుగు, దాని వెనక చీకటి, అంతే. కాబట్టి ముందు వెలుగునీడలు కుదరనివ్వు, స్విచ్‌ల సంగతి తర్వాత. ట్యూబ్‌లైటు కింద ఎండలో పడేంత చిక్కటి నీడ పడదు గనక, ఆ నీడను మనమే రంగుతో వేయాలి.

అలాగని ప్యానెల్‌కు ఉత్త నలుపు పూయకు. 80 మిల్లీమీటర్ల మీటరు ఈ స్కేల్లో 1.1 మిల్లీమీటరు. దాని చుట్టూ ఉబ్బిన అంచును నలుపు మింగేస్తుంది. ముదురు బూడిద రంగు వేసి, ఆరాక బాగా పలచన చేసిన నలుపును సందుల్లోకి పారనివ్వు. తర్వాత లేత బూడిద రంగు ముంచిన బ్రష్‌ను కాగితం మీద మరక పడనంతవరకూ తుడిచి, ప్యానెల్ మీద తేలిగ్గా ఆడించు. రంగు అంచులకే అంటుకుని మీటర్ల గుండ్రాలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. ఒక్కో దాంట్లో మెరుపు వార్నిష్ చుక్క పెడితే అదే అద్దం. లివర్ల పిడులకు మరీ సన్నని 000 బ్రష్ కొనకు, ప్లాస్టిక్‌ను తాకేలోపే మొన మీది రంగు ఆరిపోతుంది. మొన చెదరని 1వ నంబరు మేలు, దాని పొట్టలో రంగు నిలుస్తుంది.

'కనబడనివి మానేస్తే బోసిగా ఉండదా?' అంటావు. ఉంటుంది, అందుకే దూరానికి కూడా ఆనే గుర్తులను వదలకూడదు. మిగ్ ప్యానెల్ మధ్యలో నిలువుగా తెల్లగీత ఉంటుంది. విమానం గింగిరాలు తిరుగుతూ స్పిన్‌లో పడినప్పుడు కంట్రోల్ స్టిక్‌ను మధ్యకు తేవడానికి పైలట్‌కు అదే ఆనవాలు. ఆ ఒక్క గీత వంకర లేకుండా పడితే చాలు, తెలిసినవాళ్లు విమానాన్ని పోల్చుకుంటారు. చేత్తో గీయకు, తెల్ల డెకాల్ (అతికించే పలచని పొర)ను సన్నగా కోసి అతికించు. అచ్చువేసిన రంగుల ప్యానెళ్లు దొరుకుతాయి నిజమే. మీటరు రెండున్నర మిల్లీమీటర్లుండే 1/32లో అవి శోభిస్తాయి. ఇక్కడ మాత్రం కాక్‌పిట్ మీది పారదర్శక మూత, అదే కానోపీ, ఒక మిల్లీమీటరు మందం ఉందంటే అసలు విమానంలో 72 మిల్లీమీటర్ల గాజుతో సమానం, దాని వెనక మీటర్ల ముళ్లు ఎవరికీ ఆనవు. కెమెరాతో దగ్గరికెళ్లి ఫొటో తీస్తే లోటు బయటపడుతుందన్న మాటను మాత్రం కాదనను. ఫొటో కోసమే కడుతున్నావంటే ఇప్పుడే తేల్చుకో, అప్పుడు పెద్ద స్కేలే తీసుకోవాలి.

మన వైమానిక దళంలో 1963 నుంచి 2025 సెప్టెంబరు దాకా ఎన్నో రకాల మిగ్-21లు ఎగిరాయి. నీది ఏ రకమో చూసుకుని, దాని ఫొటోలు ముందు పెట్టుకునే రంగు కలుపు. కానోపీని అంటించకముందు ఊరికే పైన ఆనించి, చెయ్యి చాచి ఒకసారి చూడు.

ఇట్లు,
మీ మామయ్య