శ్యామదేశమున రాజభక్తి

అది 2016వ సంవత్సరాంతము. బాంగ్‌కాక్ నగరమున ఒక వీధిమూల, పండ్లముక్కలు విక్రయించు బండి యొద్ద ఒక భారతీయ యాత్రికుడు నిలిచియుండెను. అనాసముక్కలు కొని చిల్లర అందుకొనుచుండగా ఒక నాణెము అతని చేజారి వీధివాలున దొర్లసాగెను. మురుగుకాలువలో పడిపోవునను తొందరలో అతడు దానిపై కాలు మోపి ఆపెను. మన ఊళ్లలో నైనచో ఎవరైనను చేయు పనియే అది. కాని బండి యొద్దనున్న వృద్ధురాలు ఉలికిపడెను. చుట్టుప్రక్కలవారి మాటలు ఒక్కసారిగా ఆగిపోయెను. ఎవరును అతనిని నిందింపలేదు. ఆ వృద్ధురాలు వంగి, అతడు కాలు తీయువరకు వేచియుండి, నాణెము నెత్తుకొని, తన నల్లని రవిక అంచుతో తుడిచి, నుదుటికి తాకించుకొని అతని చేతిలో పెట్టెను. నాణెముపై రాజు ముఖబింబము కలదు.

యాత్రికుడు సిగ్గుతో తల వంచుకొనెను. పుస్తకమునకు కాలు తగిలినచో కన్నులకద్దుకొనుమని చిన్ననాడు తల్లి నేర్పిన పాఠము అతనికి జ్ఞప్తికి వచ్చెను. ఇచట పుస్తకమునకు బదులుగా రాజు ఉన్నాడు, అంతియే భేదము.

ఆ రాజు పేరు భూమిబల అతుల్యతేజుడు. థాయి ప్రజలు ఆ పేరును ‘పూమిపోన్ అదున్యదేత్’ అని పలుకుదురు. వారి ఉచ్చారణము వేరైనను, రాజసభకు సంబంధించిన మాటలలో అనేకములు సంస్కృత పాళీ భాషలనుండి వచ్చినవే. రాజకుటుంబముతో మాటలాడుటకు ఒక ప్రత్యేక భాషయే కలదు. దానిని ‘రాచసప్’ అందురు, అనగా రాజశబ్దము. సామాన్యుడు రాజుతో మాటలాడునపుడు రాజును నేరుగా సంబోధింపడు. రాజు పాదముల క్రింది ధూళినే సంబోధించును. ఆ సంబోధనలోని ‘తులి’, ‘బాత్’ అను మాటలు మన ధూళి, పాదములే. శరీరమున శిరస్సు పవిత్రము, పాదము నీచము అని ఆ దేశమున చిన్నపిల్లలకు సైతము తెలియును. కావుననే నాణెముపై మోపిన కాలు ఆ వృద్ధురాలి కంత బాధ కలిగించెను.

పూర్వము సయాము, శ్యామదేశము అను పేర్లతో పిలువబడిన ఈ దేశమునకు 1939లో థాయిలాండు అను పేరు వచ్చెను. దాని పాత రాజధాని పేరు అయుత్థయ. అది మన అయోధ్యయే. 1767లో బర్మా సేనలు దానిని నాశనము చేసిన కొంతకాలమునకు, 1782లో చక్రి వంశము వారు బాంగ్‌కాక్‌ను రాజధానిగా చేసికొనిరి. ఆ వంశపు రాజులను మొదటి రాముడు, రెండవ రాముడు అని లెక్కించుట వాడుక. భూమిబలుడు తొమ్మిదవ రాముడు. అన్న ఆనందమహిదలుడు 1946 జూన్ 9వ తేదీన మరణింపగా, పదునెనిమిదేండ్ల ప్రాయమున రాజ్యమునకు వచ్చి, డెబ్బది యేండ్లు సింహాసనమున నుండెను.

1932లో జరిగిన విప్లవముతో శ్యామదేశమున రాజుల నిరంకుశాధికారము అంతరించి, రాజ్యాంగబద్ధమైన పరిపాలన ఏర్పడెను. అధికారము తగ్గిన పిదప రాజునకు మిగిలినది ప్రజల ఆదరమే. భూమిబలుడు దానిని నడచి సంపాదించెను. ఈ మాటలో అతిశయోక్తి లేదు. చేత పటము, మెడలో కెమెరా ధరించి, బురదదారుల వెంట కుగ్రామములకు పోయి, కాలువలెచట త్రవ్వవలెనో రైతుల నడిగి తెలిసికొనెడివాడు. ఉత్తరదేశపు కొండలలో నల్లమందు సేద్యమును మాన్పించి, కాఫీ, పండ్లతోటలు పెంచునట్లు చేయు కార్యక్రమమును 1969లో ప్రారంభించెను.

1955 నవంబరు మాసమున నఖోన్ ఫనోమ్ అను ఈశాన్యప్రాంతమున జరిగిన సంఘటన నొకదానిని థాయి ప్రజలు నేటికిని చెప్పుకొందురు. నూరేండ్లు దాటిన ఒక వృద్ధురాలు రాజునకు సమర్పింపవలెనని మూడు తామరపూవులతో ఉదయమునుండి ఎండలో కూర్చుండెను. రాజు వచ్చుసరికి పూవులు వాడి తలలు వాల్చినవి. ఆమె వాటినే తలపై కెత్తి పట్టుకొనెను. రాజు తన ముఖము ఆమె తలకు తాకునంతగా వంగి, చిరునవ్వుతో ఆమె చేతులను పట్టుకొనెను. ఆ క్షణమున తీసిన ఛాయాచిత్రము లక్షలకొలది ఇండ్లకు చేరెను.

అట్టి రాజు 2016 అక్టోబరు 13వ తేదీన మరణించెను. యాత్రికుడు చూచిన నగరము నల్లబట్టలు ధరించిన నగరము. నల్లవస్త్రము అంగళ్లలో దొరకక, జనులు ఉన్న బట్టలకే నల్లరంగు వేయించుకొనుచుండిరి. అద్దకపు కాగుల యొద్ద స్వచ్ఛందసేవకులు రూకలు తీసికొనక పనిచేసిరి. అదియును లేని పేదలు చొక్కాకు నల్లపేలిక తగిలించుకొనిరి. రాజభవనము యొద్ద, దర్శనమునకై వచ్చినవారి బారులు గంటలతరబడి కదలుచుండెను. వేచియున్నవారికి అన్నము, నీరు ఉచితముగా పంచిపెట్టిరి. 2017 అక్టోబరులో దహనసంస్కారము జరుగులోపల కోటి ఇరువది లక్షలకు పైగా జనులు ఆ దర్శనము చేసికొనిరి. ఇంత దుఃఖము ఆజ్ఞాపించినచో పుట్టునా యని యాత్రికుడు తలపోసెను.

కాని ఆ దేశమున ఆజ్ఞయును కలదు. శిక్షాస్మృతి 112వ నిబంధన ననుసరించి రాజును, రాణిని, యువరాజును, రాజప్రతినిధిని అవమానించినవారికి ఒక్కొక్క నేరమునకు మూడునుండి పదునైదేండ్ల వరకు కారాగారశిక్ష విధింపవచ్చును. తనను విమర్శింపవచ్చునని భూమిబలుడే 2005 డిసెంబరు 4వ తేదీ ప్రసంగమున చెప్పెను. అయినను నిబంధన అట్లే నిలిచెను. అంతకంటె విచిత్రమైన సంగతి యొకటి కలదు. రాజు ముందు నేలపై సాగిలపడు ఆచారము ప్రజలను చిన్నబుచ్చునని ఐదవ రాముడైన చులాలాంగ్‌కార్న్ 1873లో దానిని రద్దుచేసెను. ఇరువదవ శతాబ్దమున అది మరల ప్రవేశించెను. రాజు వలదన్న దండమును ప్రజలు వదలకుండుట భక్తియా, అలవాటా, భయమా? మూడును కలిసియున్న చోట వేరుచేయుట కష్టము.

2020లో ఆ దేశపు విద్యార్థులు వేలకొలది వీధులలోనికి వచ్చి, రాజవ్యవస్థలో సంస్కరణలు కావలెనని బహిరంగముగా అడిగిరి. అంతవరకు ఇంటిలోపల సైతము మెల్లగా చెప్పుకొనెడి మాటలవి. తరువాత పలువురిపై 112వ నిబంధన క్రింద అభియోగములు మోపబడెను. అప్పటికి సింహాసనమున నున్నది భూమిబలుని కుమారుడు, పదవ రాముడైన వజ్రాలంకారుడు.

2022లో ఆ యాత్రికుడు మరల బాంగ్‌కాక్ నగరమునకు వచ్చెను. ఒక సాయంకాలము చలనచిత్రమునకు పోయెను. ఆ దేశమున చిత్రప్రదర్శనమునకు ముందు రాజగీతము వినిపింతురు; ప్రేక్షకులు లేచి నిలుచుట వాడుక. మొదటి రాకలో ఒక్కరైనను కూర్చుండియుండుట అతడు చూచియుండలేదు. ఈసారి గీతము ఆరంభము కాగా, సగముమంది లేచిరి, తక్కినవారు లేవలేదు. యాత్రికుడు, పరదేశి గనుక, లేచి నిలిచెను. అతని ముందువరుసలో ఒక తాతయు మనుమరాలును కలరు. తాత ఆసనపు అంచు పట్టుకొని, ప్రయాసతో లేచి, చేతులు ప్రక్కలకు చేర్చి నిటారుగా నిలిచెను. మనుమరాలు కూర్చుండియే తెరవైపు చూచుచుండెను. ఒకరితో నొకరు ఏమియు అనలేదు. గీతము ముగిసినపిదప, చీకటిలో వృద్ధునికి ఆసనము కానరాకుండుట గ్రహించి, ఆమె అతని మోచేయి పట్టుకొని కూర్చుండబెట్టి, మొక్కజొన్నపేలాల పొట్లమును అతని ఒడిలో నుంచెను. చిత్రము మొదలయ్యెను.