శీతల ప్రాంతాలలో ఉష్ణమండల శైలి ఉద్యానాలు: మొవ్వు రక్షణ

గడ్డకట్టే చలి గల ప్రాంతాలలోను వెడల్పాటి ఆకుల మొక్కలతో దట్టమైన అడవిని తలపించే తోటలను పెంచవచ్చును. ఇంగ్లండులోని గ్రేట్ డిక్స్‌టర్‌లో క్రిస్టఫర్ లాయిడ్ 1993లో గులాబీ తోట స్థానంలో ఇటువంటి తోటను రూపొందించారు. ఈ మొక్కల మనుగడకు ఆకుల కన్న మొవ్వు, అనగా అగ్ర విభాజ్య కణజాలం, రక్షణ ముఖ్యం.

మొవ్వు స్థానం మొక్కను బట్టి మారుతుంది. మ్యూసా బస్జూ అనే అరటిలో పూత దశకు ముందు అది నేలమట్టాన దుంపపై ఉంటుంది. పైకి కనిపించేది ఆకుల తొడుగులతో ఏర్పడిన మిథ్యాకాండం. చలికి అది నశించినా, మొదలుపై ఎండుటాకులను మందంగా కప్పినచో వసంతంలో కొత్త పిలకలు వస్తాయి. మిథ్యాకాండానికి ఎండుగడ్డి చుట్టినచో మొక్క ఎత్తు కూడా నిలుస్తుంది.

టాస్మేనియా, ఆగ్నేయ ఆస్ట్రేలియాలకు చెందిన వృక్ష ఫెర్న్ డిక్సోనియా అంటార్కటికాలో ఒకే మొవ్వు మాను కొనన ఉంటుంది. అది చనిపోయిన మొక్క సాధారణంగా తిరిగి చిగురించదు. మొవ్వు కుళ్ళు సోకిన కొబ్బరి చెట్టు చనిపోవుటకు కారణమూ ఇదే. కావున శీతాకాలానికి ముందే మొవ్వు చుట్టూ ఎండుగడ్డి కూర్చి, మానును కూడా కప్పాలి. డాలియా దుంపలను తొలి మంచుకు ఆకులు నల్లబడిన పిదప తవ్వి, గడ్డకట్టని పొడి చోట నిల్వ చేయాలి.

చలికి తడి తోడైనచో దుంపలు, మొవ్వు కుళ్ళిపోతాయి. కావున మురుగునీరు పోయే నేలను ఎంచుకోవాలి. గాలి ఆడని ప్లాస్టిక్ చుట్టరాదు. వసంతంలో మంచు ముప్పు తగ్గగానే కప్పు తొలగించాలి.

ఏ మొక్కకైనా రక్షణ పద్ధతిని సూచించే ముందు విస్తరణ శాస్త్రవేత్త దాని మొవ్వు ఎక్కడ ఉన్నదో గుర్తించాలి.