సొంత మెయిల్ సర్వర్: హక్కెవరిది, రూలెవరిది?

మా మెయిల్ తీసుకోనని అనే హక్కు అవతలి సర్వర్‌కు ఉందా?

ఉంది. పంపడం వరకే మన పని. కోర్టుకెక్కినా ఒరిగేది తక్కువే. తమను స్పామర్ల జాబితాలో పెట్టారంటూ అమెరికాలో ఈ360 అనే కంపెనీ స్పామ్‌హౌస్ మీద దావా వేసింది. స్పామ్‌హౌస్ వాదనకు నిలబడకపోవడంతో 2006లో కోటీ 17 లక్షల డాలర్లు కట్టమని తీర్పొచ్చింది. అప్పీళ్లు ముగిసేసరికి, 2011లో, అది 3 డాలర్లయింది. దాంతో లాయరుకు కాఫీ ఇప్పించడమే కష్టం.

మెయిల్ తిరిగొచ్చింది. ముందు ఏం చూడాలి?

తిప్పికొట్టిన సందేశంలో కోడ్ మొదటి అంకె. 4 అయితే తర్వాత రమ్మని. మీ సర్వరే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, కంగారక్కర్లేదు. 5 అయితే ఇక రావద్దని. జీమెయిల్ ‘550 5.7.26’ అందంటే పంపింది మీరేనని రుజువు కాలేదన్నమాట. ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు తీసి చూడండి. పాత హోస్టింగ్ నాటి ఎస్‌పీఎఫ్ అలాగే ఉంచి, పక్కనే కొత్తది చేర్చేవాళ్లు చాలామంది. ఒక డొమైన్‌కు రెండుంటే రెండూ చెల్లవు. కలిపి ఒకటే రాయాలి. అందులోంచి వెళ్లే డీఎన్‌ఎస్ లుకప్‌లు 10 దాటకూడదు.

రివర్స్ డీఎన్‌ఎస్ లేదంటోంది. డొమైన్ నాదే కదా?

డొమైన్ మీదే, ఐపీ మీది కాదు. పీటీఆర్ రికార్డు ఐపీ ఇచ్చిన కంపెనీ చేతిలో ఉంటుంది. క్లౌడ్ సర్వరైతే చాలాచోట్ల కంట్రోల్ ప్యానెల్‌లోనే మార్చుకోవచ్చు. ఇంటి ఫైబరైతే ముందు స్టాటిక్ ఐపీ తీసుకుని, సర్వర్ పూర్తి పేరు రాసి టికెట్ పెట్టాలి. ఐపీని అడిగితే ఆ పేరు, పేరును అడిగితే అదే ఐపీ రావాలి. 25 పోర్టు మూసి ఉంటే అదీ అప్పుడే అడగండి. ఒప్పుకుంటారన్న భరోసా లేదు.

బ్లాక్‌లిస్టులోంచి తీయిస్తామంటూ డబ్బడుగుతున్నారు?

ఇవ్వకండి. స్పామ్‌హౌస్ ఇందుకు పైసా తీసుకోదు. ముందు స్పామ్ ఎక్కడినుంచి పోతోందో పట్టుకోండి. పాస్‌వర్డ్ పోయిన ఖాతా ఒక్కటి చాలు.

2024 ఫిబ్రవరి నాటి గూగుల్ నిబంధనలు చిన్న సర్వర్‌కూనా?

కొన్ని. డీమార్క్, ఒక్క క్లిక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అనేవి రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు. ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్, పీటీఆర్, టీఎల్‌ఎస్ మాత్రం అందరికీ. డీమార్క్ కూడా పెట్టేసుకోమంటాను, ఒక్క లైనే కదా.

మా వైపు నుంచి తప్పనిసరి ఏమైనా ఉందా?

డొమైన్‌లో ‘పోస్ట్‌మాస్టర్’ పేరుకు వచ్చే మెయిల్ అందుకోవాలి. అది ఎస్‌ఎంటీపీ ప్రమాణంలోనే ఉంది. ఫిర్యాదులు అక్కడికే వస్తాయి కాబట్టి అప్పుడప్పుడూ తెరిచి చూడండి.