కార్తీకపు ముసురు – కాలువ పీత పిల్లలు

తుపాను ముసురు తెరపియీయక పట్టి, చెరువులలో ఉప్పదనమును వెచ్చదనమును ఒక్కమారుగా దిగజారు ఈ కార్తీకమున, తాళ్ళరేవు, కాట్రేనికోన ప్రాంతముల రైతులు కొందరు కోరంగి మడ అడవుల కాలువలలో పట్టిన పిల్ల మండపీతలను కొని, వనామీ రొయ్యల చెరువుల ప్రక్క గుంటలలోనే వదలుచుండుట నాకు మిక్కిలి ఆందోళన కలిగించుచున్నది.

మండపీత తెల్లమచ్చ వైరస్‌ను తాను చావకయే మోయగలదు. 1994–95లో మన కోస్తా టైగరు రొయ్యను తుడిచిపెట్టిన తెగులు ఇదియే. అనుమానము కలిగినచో రొయ్య తలడొప్ప ఊడదీసి, కండ తుడిచి, వెలుతురునకు పట్టి చూడుడు. లోపలివైపు సున్నపు చుక్కలవంటి తెల్లమచ్చలు కనబడినచో ఆలసింపక పిసిఆర్ పరీక్ష చేయింపుడు. ఆ చెరువు నీటిని బ్లీచింగుతో శుద్ధి చేయనిదే కాలువకు వదలరాదు. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదని ఎన్నిమారులు వ్రాయవలెను? తిరుగులేని మందని సీసా చేతిలో పెట్టు దుకాణదారుని ఆ మాట బిల్లుపై వ్రాసి సంతకము చేయుమనుడు, వ్రాయడు.

ఇక కాలువ పిల్లకు అంతులేదనుట భ్రమ. ప్రపంచమున సహజ జలములలో పట్టు రొయ్యలు, పీతలు మొదలైనవి ఏటా 60 లక్షల టన్నులకు అటునిటుగానే నిలిచియుండగా, పెంపకపు దిగుబడి 2020 నాటికే కోటి టన్నులు దాటినది. అర్జెంటీనా ఎర్రరొయ్య 2005లో పదివేల టన్నులకు తక్కువగా ఉండి, 2018లో రెండున్నర లక్షలకు చేరినది. అమెరికాలోని మెయిన్ తీరపు లాబ్‌స్టరు 2016లో శిఖరమునంటి, పిమ్మట తగ్గినది. పట్టుబడి నీటి వేడిమిని, తల్లుల సంఖ్యను బట్టి పెరుగుచు తరుగుచునుండును గాని, మన అవసరమును బట్టి కాదు. మండపీత తల్లి గుడ్లు పొదుగుటకు సముద్రమునకు పోవును. దానిని దారిలోనే పట్టి, పిల్లను కాలువలోనే ఏరినచో మరు సంవత్సరము వలలోనికి వచ్చునదేమి? సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా)కు చెందిన రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రము మండపీత పిల్లను హేచరీలో ఉత్పత్తి చేయుచున్నది. పీత వేయదలచినవారు ఆ పిల్లనే అడిగి తెచ్చుకొనుడు, రొయ్యల చెరువునకు దూరముగా, వేరు నీటితో పెంచుడు. వనామీ గట్టు చుట్టు పీతలను ఆపు వల చిరిగినచో నేడే కుట్టింపుడు.

వరి: వానకు పడిపోయిన సార్వా కంకులపై లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లినచో గింజ మొలకెత్తదు.

కొబ్బరి: రూగోస్ తెల్లదోమకు విషపు మందులు కొట్టి ఎన్‌కార్సియా మిత్రకీటకమును చంపుకొనకుడు. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానమువారిని అడిగిన తరువాతనే జేబు విప్పుడు.