ఇంటి వ్యాయామమునకు చప్పుడులేని సాధనములు

వ్యాయామము దేహమునకు అన్నపానములవలె నిత్యావసరమని పెద్దలు చెప్పుదురు. 5 మొదలు 17 సంవత్సరముల వయస్సుగల పిల్లలు సగటున దినమునకు 60 నిమిషములు దేహశ్రమ చేయవలెననియు, వారమునకు 3 దినములైనను కండరములకును ఎముకలకును బలమిచ్చు వ్యాయామము సలుపవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఆటస్థలముగల పాఠశాలలో ఇది కష్టము కాదు. పట్టణములోని ఇఱుకు ఇండ్లలో ఇది యెట్లు సాధ్యమగునో ఈ వ్యాసమున విచారింతము.

హైదరాబాదులోని ఉస్మాన్‌గంజును ఉదాహరణముగా గైకొందము. మొజంజాహి మార్కెట్టునకును అఫ్జల్‌గంజునకును సమీపముననున్న ఈ పేట టోకువర్తకమునకు ప్రసిద్ధి. క్రింద అంగడియో, గిడ్డంగియో, దానిపైన కాపురములో ఉండు కట్టడము లిట్టి పేటలలో సామాన్యము. ఒకరి నేల మఱియొకరికి కప్పు. పగలు బండ్ల రొదలో కలిసిపోవు చప్పుడే వేకువజామున స్పష్టముగా వినబడును. మీది అంతస్తునందలి విద్యార్థి ఉదయము 5 గంటలకు త్రాడుతో గంతులు వేయుచుండగా, క్రింద నిదురించువాడు పగలంతయు బస్తాలు మోసివచ్చిన హమాలీ కావచ్చును. రోగియో, పసిబిడ్డతల్లియో కావచ్చును. వారు రెండు దినములు ఓర్చుకొందురు. మూడవనాడు మెట్లెక్కి వచ్చి అడుగుదురు. దానితో వ్యాయామము నిలిచిపోవును. మైదానమునకుగాని తాలింఖానాకుగాని పోవు వీలులేని బాలికలకు ఇల్లే వ్యాయామశాల; అది మూతపడినచో వారికి వేఱు దారి లేదు. కావున చప్పుడు లేకుండుట మర్యాద మాత్రమే కాదు, వ్యాయామము కొనసాగుటకు ఆధారము కూడ.

చప్పుడు రెండు త్రోవలలో పోవును. మొదటిది గాలి త్రోవ. మోటారు రొద, గొలుసు గలగల మున్నగునవి గాలిద్వారా వ్యాపించును. తలుపు మూసినచో కొంత తగ్గును. రెండవది కట్టడపు త్రోవ. పాదము నేలను తాకినపుడు ఆ దెబ్బ స్లాబులో కంపనముగా మాఱి, గోడలవెంట దిగి, క్రింది గది కప్పును డోలువలె మ్రోగించును. ఈ చప్పుడు చేసినవానికి అంతగా తెలియదు, క్రిందివానికే తెలియును. తలుపు మూసినను ప్రయోజనము లేదు. కనుక సాధనమును కొనునపుడు ‘ఇది యెంత రొద చేయును?’ అని మాత్రమే కాక, ‘ఇది నేలను కొట్టునా?’ అని ముందుగా అడుగవలెను.

మన గరిడీలలో నేల మెత్తని మన్నుతో నుండెడిది. పడిన దెబ్బను మన్ను మ్రింగివేసెడిది. క్రింద మఱియొక కాపురము లేదు. ఆ గరిడీలలో చేయు దండీలును బస్కీలును మాత్రము మేడమీద సైతము చేయదగినవి. ఏలయన వీనియందు పాదములు నేలను విడువవు. చాప యొక్కటి చాలును, ఖర్చు లేదు. ఏ సాధనమునైనను కొనుటకు ముందు ఒక నెల వీనిని చేసి చూచుట మేలు.

కొనదలచినవారికి మొదట చెప్పదగినది రబ్బరు పట్టీ. సాగదీసినకొలది ఎదురుబలము హెచ్చును; కండరమునకు పని కలుగును; చప్పుడు ఇంచుమించు శూన్యము. అయితే పట్టీపై పగుళ్లున్నవేమో దినదినము చూచుకొనవలెను. తెగిన పట్టీ కంటికి తగిలిన ప్రమాదము.

ఇనుప డంబెల్సు నెత్తునపుడు చప్పుడు లేదు, దించునపుడే కలదు. రబ్బరుతొడుగు గలవానిని కొని, మడిచిన కంబళిపై మెల్లగా దించవలెను. గట్టిగుడ్డతో కుట్టిన ఇసుకమూటయు ఇంతే పనిచేయును.

కాలుసత్తువకును ఊపిరికిని నిలిచియుండు సైకిలు మంచిది. ఇందు రెండు తెగలు కలవు. చక్రమును బిరడాతో ఒత్తి నిలుపునవి రాపిడిచే రొద చేయును, కాలక్రమమున అఱుగును. అయస్కాంతముతో నిలుపునవి తాకకయే నిలుపును. లోహచక్రము అయస్కాంతమునొద్ద తిరుగునపుడు దానిలో విద్యుత్ప్రవాహపు సుడులు పుట్టి గతిని ఎదిరించును. ఫారడే 1831లో కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణమే దీనికి మూలము. గొలుసుకంటె పట్టీతో త్రిప్పునది నిశ్శబ్దము.

ట్రెడ్‌మిల్లను నడకయంత్రమునందు జాగ్రత్త వలయును. నడచునపుడు ఒక పాదమెప్పుడును క్రిందనే యుండును. పరుగెత్తునపుడు రెండు పాదములును ఒక క్షణము గాలిలో నుండి, దిగునపుడు దేహపు బరువుకు 2 మొదలు 3 రెట్ల బలముతో తాకును. 50 కిలోల బాలుడు 100 మొదలు 150 కిలోల బరువువలె అడుగడుగున నేలను మోదునన్నమాట. మోటారు ఎంత మెత్తనిదైనను ఈ దెబ్బ తప్పదు. కావున మేడపై ఈ యంత్రమును నడకకే వాడవలెను. త్రాటి గంతులును ఇట్టివే. వానిని మైదానమునకు విడువుడు.

పలుచని చాప పరచినంతమాత్రమున అంతయు సరిపోవునని కొందఱు తలంతురు. అది టకటక శబ్దమును ఆపునుగాని ధనధన శబ్దమును ఆపజాలదు. దళసరి రబ్బరుపలక కొంత మేలు. స్లాబు నడిమిభాగము ఎక్కువగా ఊగును. కావున బరువుమోయు గోడకు దగ్గఱగా యంత్రము నుంచవలెను. అయితే ఆ గోడ పొరుగువారి పడకగదిది కారాదు.

చట్టమేమి చెప్పుచున్నదో తెలిసికొనుటయు మంచిదే. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులును, వర్తకప్రాంతములలో పగలు 65, రాత్రి 55 డెసిబెల్లులును హద్దుగా పెట్టినవి. రాత్రి యనగా 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవఱకు. కాని యివి బహిరంగపు గాలిలో కొలుచు అంకెలు. స్లాబుగుండ దిగివచ్చు దెబ్బ ఈ కొలతకు చిక్కకయే ఒకని నిద్ర చెఱుపగలదు.

కాబట్టి తుది పరీక్ష యంత్రముతో కాదు, చెవితో చేయవలెను. అంగడిలో ఒకరు సాధనమును ఆడించుచుండగా మీరు రెండు బారల దూరమున నేలపై అఱచేయి యుంచుడు. అదురు తెలిసినచో దానిని విడిచిపెట్టుడు. ఇంటికి తెచ్చిన పిమ్మట మీ తమ్ముని దానిపై నుంచి, క్రిందివారి యనుమతితో వారి గదిలో అయిదు నిమిషములు నిలిచి వినుడు. ‘అయ్యా, ఏ వేళ మీకు బాధ లేదు?’ అని వారినే అడుగుడు. వారు చెప్పిన వేళ మీది కావలెను.

విద్యార్థులారా! ఖరీదైన యంత్రము కొని మూలనుంచినవారు పెక్కుమంది. చాపయు పట్టీయు పెట్టుకొని ఏండ్లతరబడి సాధించువారు కొందఱు. క్రిందియింటి నిద్రను కాపాడినవాని వ్యాయామమునకు ఎవరును అడ్డురారు. అది దినదినము సాగును. సాగినదే దేహమునకు పట్టును.