ఈల నోట్లో కాదు, చేతిలో ఉంచుకో

చిన్నీ,

నువ్వు జడ్పీ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా చేరావని మీ నాన్న చెప్పగానే మీ పెద్దమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. నీ మెసేజ్ కూడా చూశాను. పిల్లలకు కలిసి ఆడటం, పదిమందిని నడిపించడం అలవడాలంటే ఏ ఆటలు ఆడించాలి పెదనాన్నా అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు గనక తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను.

ఏ ఆటైనా సరే, దానంతట అది నాయకత్వం నేర్పదు తల్లీ. అందులో నిర్ణయాలు ఎవరివన్నదే అసలు సంగతి. జట్లు మాస్టారే విడదీసి, కెప్టెన్‌ను మాస్టారే పెట్టి, ఎవరెక్కడ నిలబడాలో మాస్టారే అరిచి, తగువొస్తే మాస్టారే తీర్పు చెబితే పిల్లలకు చెమట పడుతుంది, ఆకలేస్తుంది, అంతే. అది కూడా మంచిదే, కాదనను. కానీ నువ్వడిగింది అది కాదు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళు తేల్చుకోవలసినవి ఏ ఆటలో ఎక్కువ ఉన్నాయో చూడు. ఆ ఆట పట్టుకో. పట్టుకున్నాక ఈల తక్కువగా ఊదు.

జట్లు వేయడం దగ్గరే మొదలుపెట్టు. మన ఊళ్ళలో ఉద్దులు వేసుకోవడం నీకు తెలుసుగా. ఆటలో సరిసమానంగా ఉన్న ఇద్దరు జతకట్టి, కాస్త ఎడంగా వెళ్ళి, చెరో దొంగపేరు పెట్టుకొచ్చి, నాయకుల ముందు నిలబడి "సూర్యుడు కావాలా, చంద్రుడు కావాలా" అని అడుగుతారు. ఎవరు ఎవరి జట్టుకు పోతారో నాయకుడికి ముందు తెలియదు. ఇందులో ఎంత నేర్పుందో చూడు. నాకు సమానమైన వాడెవడో నేనే నిజాయితీగా ఒప్పుకోవాలి. బలం రెండు వైపులా సమానంగా పంచుకోవాలి. చిట్టచివర మిగిలిపోయి తలదించుకునే పిల్ల ఉండదు. ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి ఒక్కొక్కరినే ఏరుకోమంటే జరిగేది ఆ తలదించుకోవడమే. ఆ పద్ధతి నీ గ్రౌండులోకి రానివ్వకు.

ఇంకో సంగతి నీకు దాచకుండా చెప్పాలి. పిల్లల ఇష్టానికి పూర్తిగా వదిలేస్తే జట్లు వాడల వారీగా, ఒకే ఆటోలో వచ్చేవాళ్ళ వారీగా కట్టేసుకుంటారు. దాని వెనక ఏముందో ఊళ్ళో పుట్టిన నీకు నేను చెప్పక్కర్లేదు. ఉద్దులు వేస్తే ఆ కట్లు వాటంతటవే తెగుతాయి. నీతిబోధ అక్కర్లేదు.

ఇక ఆట. ఒక్కటే ఎంచుకోమంటే నేను ఖోఖో అంటాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

తరిమే జట్టులో తొమ్మిది మంది. ఎనిమిది మంది నడిమి పట్టీ మీద గళ్ళలో కూర్చుంటారు, ఒకరు అటు తిరిగితే పక్కవారు ఇటు. తొమ్మిదో మనిషి తరుముతాడు. అతనికి రెండు కట్టుబాట్లు. నడిమి పట్టీ దాటకూడదు, ఒకసారి పట్టిన దిక్కు ఆ పట్టీ చివర పాతిన పోల్ చేరేదాకా మార్చకూడదు. పరుగెత్తేవాడికి ఆ కట్టుబాట్లేవీ లేవు. కూర్చున్నవాళ్ళ మధ్య సందులోంచి దూరి అవతలికి పోతాడు. అంటే స్కూలు మొత్తంలో అందరికంటే వేగంగా పరుగెత్తే పిల్లవాడైనా ఒంటరిగా చేయగలిగింది చాలా తక్కువ. అవతలి వైపుకు తిరిగి కూర్చున్న వాడి వీపు తట్టి "ఖో" అని, ఆట అతని చేతికిచ్చి, తాను ఆ గడిలో కూర్చోవాలి. వేగమున్న పిల్లాడు మొదటి వారం ఖో ఇవ్వడు. తానే పట్టాలని చూస్తాడు, ఆయాసపడతాడు, జట్టు ఓడుతుంది. నువ్వేమీ అనకు. రెండో వారానికి జట్టువాళ్ళే అంటారు.

వీపు తట్టకుండా ఖో లేదన్నది కూడా గుర్తుంచుకో. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఎవరిని ఎవరు ముట్టుకోవాలి అన్న పాత లెక్కలు పెద్దల నోళ్ళలో ఇంకా ఉన్న ఊళ్ళలో, రోజూ సాయంత్రం ఒకరి వీపు మీద ఒకరి చెయ్యి పడే ఆట ఇది. ఈ కారణం ఒక్కటి చాలు నాకు.

నా దగ్గర ఎనిమిదో తరగతిలో ఒక బొద్దు పిల్లాడు ఉండేవాడు. పరుగుపందెం అంటే చెట్టు చాటుకు పోయేవాడు. ఖోఖోలో పోల్ పక్క గడిలో కూర్చునేవాడు. మునివేళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతులూ నేలకు ఆనించి, మెడ మాత్రం తిప్పుతూ పరుగెత్తేవాడి అడుగుల్నే చూసేవాడు. కొన్నాళ్ళకు వాడి నోటి నుంచి చిన్న చిన్న మాటలు రావడం మొదలైంది. "ఇప్పుడొద్దు", "మూడోవాడికియ్యి", "పోల్‌కు తోలు". తరిమేవాళ్ళు వాడి గొంతు కోసం చెవి ఒగ్గడం నేను పక్కన నిలబడి చూశాను. మరుసటి ఏడాది మండల స్థాయి పోటీలకు వెళ్ళేటప్పుడు కెప్టెన్ ఎవరంటే జట్టంతా వాడి వైపే చూసింది. వేగంగా పరుగెత్తేవాడూ, నడిపించేవాడూ ఒక్కడే కానక్కర్లేదని ఆ పిల్లలు నా ప్రమేయం లేకుండా తేల్చుకున్నారు.

పరుగెత్తే జట్టులోనూ ఆలోచనకు చోటుంది. వాళ్ళు ముగ్గురు ముగ్గురుగా బరిలోకి దిగుతారు, ఆ వరుస ముందే స్కోరర్‌కు రాసివ్వాలి. ఏ ముగ్గుర్ని కలపాలి, ఎవరిని ముందు పంపాలి, బలమైన వాళ్ళను చివరికి దాచాలా అన్నదంతా పిల్లలే కూర్చుని తేల్చుకోనీ. కాగితం, పెన్సిలు వాళ్ళ చేతికిచ్చి నువ్వు పక్కకు పో. పెద్దల కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. ఆరు, ఏడు తరగతుల వాళ్ళకు కాస్త కుదించి గీయి. సంప్రదాయంగా పెద్దల ఆటలో ఒక టర్న్ 9 నిమిషాలు. మొదట్లో నాలుగైదు నిమిషాలు చాలు. 2025 జనవరిలో ఢిల్లీలో మొట్టమొదటి ఖోఖో ప్రపంచకప్ జరిగితే మగవాళ్ళూ ఆడవాళ్ళూ రెండు టైటిళ్ళూ మనవాళ్ళే గెలిచారు. ఆడవాళ్ళ ఫైనల్ వీడియో స్కూల్లో టీవీ ఉంటే మీ ఆడపిల్లలకు వేసి చూపించు. చెట్టుకింద కూర్చునే వాళ్ళు లేచి వస్తారు.

కబడ్డీ గురించి నీకు కొత్తగా చెప్పేదేముంది, ఆడినదానివే. అందులో నాకు బాగా నచ్చే నియమం ఒకటుంది. కూతకు వెళ్ళినవాడు పాయింటు తెస్తే ఔటై బయట కూర్చున్న తనవాడొకడు లోపలికొస్తాడు, అదీ ఔటైన వరుసలోనే. తన గెలుపు ఇంకొకరిని బతికిస్తుందన్నది పిల్లలకు కళ్ళముందు కనిపిస్తుంది. ఏడుగురూ ఉన్నప్పటికంటే ముగ్గురో ఇద్దరో మిగిలినప్పుడు జట్టు అసలు స్వభావం బయటపడుతుంది. అప్పుడు కూతకొచ్చినవాణ్ణి పట్టేస్తే ఒక పాయింటు అదనం కూడానూ. ఇద్దరే మిగిలినప్పుడు ఎవరిని కూతకు పంపాలన్నది కెప్టెన్ తేల్చాలి. నువ్వు గీత బయట నుంచి చెయ్యి ఊపకు. ఆట అయ్యాక "వాణ్ణే ఎందుకు పంపావు?" అని అడుగు. తప్పుపట్టే గొంతుతో కాదు, తెలుసుకునే గొంతుతో. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి పిల్లవాడు మనసులో ఆటంతా మళ్ళీ ఆడుకుంటాడు చూడు, నేర్చుకునేది అప్పుడే.

చిన్న తరగతులకు ఏడుపెంకులాట చాలు. ఒక రబ్బరు బంతి, ఏడు పెంకు ముక్కలు. పడగొట్టిన దొంతిని మళ్ళీ పేర్చాలంటే బంతిని తనవైపు లాక్కునేవాడొకడు, పేర్చేవాడొకడు ఉండాలని వాళ్ళే కనిపెడతారు. బంతి నడుము కింద మాత్రమే కొట్టాలని నియమం పెట్టు. మ్యూజికల్ చెయిర్స్ లాంటివి పంద్రాగస్టుకు పెట్టుకో గానీ రోజువారీ ఆటగా వద్దు. ఆట ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళనే ముందు బయటికి పంపించేసే ఆటలవి.

మన బీపీఎడ్ సైకాలజీ పుస్తకాల్లో ముజఫర్ షరీఫ్ అనే ఆయన ప్రయోగం చదివే ఉంటావు, పరీక్ష కోసమే అయినా. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో, రాబర్స్ కేవ్ అనే చోట పదకొండేళ్ళ వయసున్న 22 మంది మగపిల్లల్ని రెండు గుంపులుగా క్యాంపుకు తెచ్చారు. తాడులాగుడు, బేస్‌బాల్ పోటీలు పెట్టి గెలిచినవాళ్ళకు బహుమతులన్నారు. కొద్ది రోజుల్లోనే తిట్లు మొదలై, ఒక గుంపు జెండాను రెండో గుంపు తగలబెట్టేదాకా పోయింది. తర్వాత కలిపి కూర్చోబెట్టి అన్నం పెడితే ఆ అన్నమే విసురుకున్నారు. నీళ్ళ ట్యాంకు పనిచేయకపోతే కలిసి వెతకవలసి వచ్చినప్పుడు, సరుకులు తెచ్చే లారీ కదలకపోతే అందరూ కలిసి లాగవలసి వచ్చినప్పుడు కోపాలు చల్లబడ్డాయి. లారీకి కట్టి లాగింది వాళ్ళు పోటీలో చెరోవైపు పట్టుకుని లాగిన ఆ తాడే. పిల్లలకు తెలియకుండా వాళ్ళమీద అలా ప్రయోగం చేయడం నాకు సమ్మతం కాదు. కానీ అందులో బయటపడిన సంగతి మన గ్రౌండులో రోజూ చూస్తాం. పోటీ జట్టు లోపల ఐకమత్యాన్ని పెంచినంత తేలిగ్గా జట్ల మధ్య పగనూ పెంచుతుంది.

అందుకని ఎర్ర హౌసు, నీలం హౌసు అని ఏడాది పొడుగునా ఒకే జట్లు కట్టేసి ఉంచకు. వారం వారం కలిపెయ్యి. పోటీ గట్టిగా జరిగిన రోజున ఆట అయ్యాక ఇద్దరికీ ఉమ్మడి పని ఒకటి అప్పగించు. కబడ్డీ కోర్టు మట్టి గుల్లచేసి నీళ్ళు చల్లడం కావచ్చు, పోల్స్ మోసుకెళ్ళి గదిలో పెట్టడం కావచ్చు. ఓడిన జట్టుకే ఆ పని శిక్షలా వేసే అలవాటు చాలా స్కూళ్ళలో ఉంది. అది మహా చెడ్డ అలవాటు, నువ్వు చేయకు.

కెప్టెన్సీ కూడా పిల్లలందరి మీదుగా తిరగనీ. పోటీలకు వెళ్ళే జట్టుకు ఒకరే ఉండొచ్చు గానీ, ఆటల పీరియడ్‌లో వారానికొకరు. ఆ వారం జట్లు వేయించడం, బంతులు లెక్కపెట్టి తెచ్చి మళ్ళీ అప్పజెప్పడం, దెబ్బ తగిలితే నీకు కబురు చెప్పడం అన్నీ ఆ బిడ్డ పనే. వంతు వచ్చినప్పుడు నోరు పెగలని పిల్లలుంటారు. వాళ్ళకు తోడుగా ఒక స్నేహితురాలినిచ్చి నిలబెట్టు, తప్పించకు. తగువొస్తే వెంటనే పరుగెత్తి వెళ్ళకు. చెయ్యి చేసుకుంటే తప్ప వాళ్ళనే తేల్చుకోనీ. ఎటూ తేలకపోతే ఆ పాయింటు మళ్ళీ ఆడిస్తామని మొదటిరోజే చెప్పి ఉంచు.

ఆడపిల్లల విషయంలో నువ్వున్నావన్నదే నాకు సగం ధైర్యం. ఎనిమిదో తరగతి దాటగానే చాలామంది గ్రౌండుకు రావడం మానేస్తారు. సిగ్గని పైకి కనిపిస్తుంది. లోపల చున్నీ ఇబ్బంది ఉంటుంది, మగపిల్లల వెక్కిరింత ఉంటుంది, నెలసరి ఉంటుంది, ఇంట్లో అమ్మ మాట ఉంటుంది. కొన్నాళ్ళు వాళ్ళను వేరుగా ఆడించు. చున్నీ అడ్డంగా వేసి నడుముకు ముడివేసుకోవడం నువ్వే వేసి చూపించు. ఒంట్లో బాగోలేని రోజున స్కోరు రాస్తానంటే రాయనీ, అంపైరింగ్ చేస్తానంటే ఈల ఇవ్వు, ఊరికే కూర్చుంటానంటే ఎందుకని నలుగురిలో అడగకు. నాలుగడుగులకే ఆయాసపడి కళ్ళు తిరిగే పిల్లను బద్ధకస్తురాలనుకోవద్దు, రక్తం తక్కువై ఉండొచ్చు. స్కూల్లో వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర మింగుతోందో లేదో కనుక్కుని, పీహెచ్‌సీలో రక్తపరీక్ష చేయించు. మగపిల్లలతో కలిపి ఆడించే రోజు వాళ్ళే చెబుతారు, ఖోఖోలో అయితే త్వరగానే వస్తుంది.

గ్రౌండు సంగతి. ఎక్కువమంది వట్టికాళ్ళతో ఆడతారు కాబట్టి ముందు పల్లేరుముళ్ళ పని పట్టు. పిల్లల్ని బారుగా, చేతికి చెయ్యి అందేంత దూరంలో నిలబెట్టి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఏరుకుంటూ నడిపించు, నువ్వూ ఆ బారులో ఉండు. గీతలకు సున్నం వాడకు, కంట్లో పడితే ప్రమాదం. ముగ్గుపిండి చాలు. ఖోఖో పోల్స్ పైన మొన లేకుండా నున్నగా ఉన్నాయో లేదో తడిమి చూసుకో. ఒంటిపూట బడులు మొదలయ్యాక ఎండెక్కకముందే ఆటలు ముగించు.

పదో తరగతి స్పెషల్ క్లాసుల కోసం నీ పీరియడ్ అడుగుతారు, అందరూ అడుగుతారు. గొడవపడకు, కానీ ఊరికే ఇచ్చేయకు. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో స్కూలుకు ఆటస్థలం, ఆటసామాను ఉండాలని రాసి ఉంది. హెచ్‌ఎం గారికి ఈ రెండూ మర్యాదగా చెప్పి, పదో తరగతికి కనీసం చివరి పీరియడ్ వారానికి మూడు రోజులు అడుగు. ఆయన్ని ఒకసారి గ్రౌండుకు పిలిచి, టాస్ వేయించి, ఆటంతా అయ్యేదాకా కూర్చోబెట్టు.

నా పెట్టెలో పాత రూల్ పుస్తకాలు, రెండు ఈలలు, కొలత టేపు ఉన్నాయి. నియమాలు మారుతుంటాయి కాబట్టి పోటీలకు ముందు కొత్త పుస్తకం చూసుకోవాలి. టేపు మాత్రం 30 మీటర్లది, బాగుంది. వచ్చే ఆదివారం మీ నాన్న ఇటు వస్తానన్నాడు, అతనితో పంపిస్తాను. కోర్టు గీశాక పోల్ నుంచి పోల్‌కు కొలిచి ఎంతొచ్చిందో రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న