పరంజా విప్పుట – ఉమ్మడి కోడులో వాడని పనిముట్లు

మన తొండుపల్లి ప్రాంతమున క్రొత్త ఇండ్లు లేచుట విద్యార్థులందఱు చూచుచున్నదే. గోడ కట్టునప్పుడు మేస్త్రీ పరంజా వేయును. పని ముగిసిన పిదప దానిని విప్పును. విప్పకున్నచో దారి కడ్డము. కాని కప్పు గట్టిపడక మునుపే క్రింది గుంజలు తీసినచో ఇల్లే కూలును. ఈ రెండు మాటలును మనస్సున నుంచుకొని నేటి పాఠము చదువుదము.

మనుష్యులు వ్రాయు ప్రోగ్రాముయొక్క మూలరూపమునకు కోడని పేరు. దానిని కంప్యూటరు నడుపదగిన రూపమునకు మార్చుటకు వేఱు పనిముట్లు కలవు. వీనిని నిర్మాణసాధనము లందుము. 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రచించిన 'మేక్' వీనిలో ప్రాచీనమైనది. పలువురు కలసి వ్రాయు కోడులో క్రొత్త సాధనమును చేర్చువారు పెక్కురు. పాతదానిని తీయుటకు సాహసించువారు అరుదు.

అవి యుండిన నష్టమేమి? క్రొత్తగా చేరినవాడు ఏది నిజమైన దారియో తెలియక చిక్కుపడును. అంతకంటె పెద్ద కీడును కలదు. 2024 మార్చిలో 'ఎక్స్‌జెడ్' అను ప్రోగ్రాముయొక్క నిర్మాణసూచనలలో దొంగకోడు చొప్పింపబడినట్లు బయల్పడెను. దూరపు కంప్యూటరులో ప్రవేశించుటకు అరసెకను ఆలస్యమగుట గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ దానిని కనిపెట్టెను. వాడుకలో నున్న సూచనలలోనే మోస మిట్లు దాగినచో, ఎవరును తెఱచి చూడని పాత సూచనలకు కావలి యెవరు?

అయినను తొందర తగదు. పైథాన్ భాషలో 2000 నుండి 'డిస్ట్‌యుటిల్స్' అను నిర్మాణసాధన ముండెను. తరువాత అంతకంటె మేలైనవి వచ్చెను. నిర్వాహకులు దానిని ఒక్కనాడే పారవేయలేదు. 2021లో వెలువడిన 3.10 కూర్పున హెచ్చరించి, 2023 అక్టోబరులో 3.12 కూర్పున తొలగించిరి. అప్పటికిని, దానిని విడువని ప్రోగ్రాములు కొన్ని క్రొత్త కూర్పున ఆగిపోయెను. ఒకరికి పనికిరానిది వేఱొకరికి ఆధారమై యుండు ననుటకిది నిదర్శనము.

కావున మనము పాటింపవలసిన క్రమమిది. మొదట ఆ సాధనము పేరు కోడంతటను వెదకవలెను. పేరు కనబడకున్నను, ఏడాదికొకసారి జరుగు పనికి అది కావలసి యుండవచ్చును గనుక తోటివారి నడుగవలెను. క్రొత్తది నిలిచిన పిదపనే పాతది విడువవలెను. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము సిద్ధమైన పిమ్మటనే గదా ప్రయాణికుల విమానములు బేగంపేటను విడిచినవి! ఒక్కొక్కదానినే తీసి, ప్రతిసారియు కోడంతటిని మొదటినుండి నిర్మించి పరీక్షింపవలెను. ఒక్కసారి పది తీసినచో ఏది తీయుటవలన చెడెనో తెలియదు. తీసిన కారణమును వ్రాసి యుంచవలెను. 'గిట్' వంటి చరిత్రపుస్తకము పాత ప్రతులను భద్రపఱచును గావున, పొరపాటైనచో తిరిగి తెచ్చుకొనవచ్చును.

ఉమ్మడి యింట చెత్త పేర్చుట తప్పు. అడుగక పరుల వస్తువు పారవేయుటయు తప్పే. మన పాఠశాల ప్రయోగశాల బీరువాను సర్దునపుడును ఈ మాట మఱవకుందము.